గడప దాటితే రోడ్డే: ఇంగ్లండ్ చలికాలానికి ముందు కన్వర్టిబుల్ కారు జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లో సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్ (పైకప్పు, అంటే టాప్, మడిచి దించుకునే కారు) కొనడానికి పెద్ద ధనవంతులై ఉండక్కర్లేదు. కాస్త పాతబడిన మాజ్దా ఎంఎక్స్-5 గానీ, మినీ కన్వర్టిబుల్ గానీ మామూలు హ్యాచ్‌బ్యాక్ ధరకే దొరుకుతుంది. ఉద్యోగంలో కుదురుకున్న మనవాళ్లు కొందరు ఎండ కాసే నెలల్లో సరదాపడి కొనుక్కుంటున్నారు. చిక్కంతా అక్టోబర్‌తో మొదలవుతుంది. వరసగా అతుక్కుని ఉండే టెర్రస్ ఇళ్లకూ, ఫ్లాట్లకూ కారు నిలుపుకునే సొంత జాగా ఉండదు. గడప దాటితే ఫుట్‌పాత్, ఆ పక్కనే రోడ్డు, రోడ్డు వారన కారు. బయట కుళాయి లేదు, కరెంటు ప్లగ్గు లేదు. గుడ్డ టాప్ ఉన్న కారు ఆకులు, వాన, మంచు, ఉప్పు అన్నింటినీ అక్కడే నిలబడి భరించాలి.

‘చలికాలమంతా సార్న్ (కారు రోడ్డు మీద వాడడం లేదన్న అధికారిక ప్రకటన) పెట్టేసి ఏప్రిల్‌లో తీద్దాం’ అనుకునేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. సార్న్ పెట్టిన కారు పబ్లిక్ రోడ్డు మీద నిలపడానికి వీల్లేదు. రోడ్డు మీద ఉందంటే ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఎంఓటీ (ఏటా జరిగే కారు ఫిట్‌నెస్ పరీక్ష) మూడూ ఉండాల్సిందే. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) గ్యారేజీ అద్దెకు దొరికితే మంచిదే. కానీ తీసుకునే ముందు వాన రోజున లోపలికి వెళ్లి చూడండి. గోడలు చెమ్మగిల్లి, గాలి ఆడని గ్యారేజీ కంటే గాలి తగిలే రోడ్డే ఆ టాప్‌కు నయం.

ముందు నీళ్లు పోయే దారి

ఈ కార్లకు వాన వల్ల చేటు తక్కువ, బయటికి పోలేక లోపల నిలిచిపోయిన నీటి వల్ల చేటు ఎక్కువ. టాప్ మీద పడ్డ నీరు అంచుల వెంట జారి, టాప్ మడతపడే చోటికి చేరి, అక్కడి డ్రైన్ రంధ్రాల్లోంచి గొట్టాల ద్వారా కారు కిందకు పోతుంది. అలా పోవాలనే వాటిని పెట్టారు. శరదృతువులో ఆకులు, గింజలు, దుమ్ము కలిసి ఆ రంధ్రాల్లో ముద్దగా పేరుకుంటాయి. దారి మూసుకుపోయిన నీరు సీట్ల వెనక కార్పెట్‌లోకి దిగుతుంది, లేదంటే తలుపు కింద ఉండే సిల్‌లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. పాత ఎంఎక్స్-5లు ఎంఓటీలో ఫెయిలయ్యేది ఎక్కువగా ఈ వెనక వైపు సిల్స్ దగ్గరే. బయటి పెయింట్ బుడగ లేచి కనిపించే సరికి లోపలి రేకు తినేసి ఉంటుంది. వెల్డింగ్ తప్ప దారి ఉండదు.

అందుకే షాంపూ, వ్యాక్స్ కొనకముందు ఈ పని చేయండి. పొడిగా ఉన్న రోజున టాప్ సగం ఎత్తి, సీట్ల వెనక రెండు మూలల్లో చూడండి. 1989 నుంచి 2005 దాకా వచ్చిన ఎంఎక్స్-5ల్లో రంధ్రాలు సీట్ బెల్ట్ బిగించిన స్తంభాల దగ్గర, కింద ఉంటాయి. వేరే కారైతే మాన్యువల్ చూడండి. చేతికందిన చెత్తంతా ముందు ఏరేయండి. తర్వాత అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోయండి. వెనక చక్రాలకు కాస్త ముందు, కారు కింద నుంచి ధారగా రావాలి. చుక్కలుగా వస్తే సగం మూసుకుందనే అర్థం. గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ ముక్కను, కొన కాస్త గుండ్రంగా చేసి, మెల్లగా పైనుంచి కిందకు ఆడించండి. ఇనుప తీగ వద్దు, గొట్టానికి చిల్లు పడుతుంది. కంప్రెసర్‌తో గాలి కొట్టడం ఇంకా ప్రమాదం. లోపల గొట్టం జాయింటు ఊడితే నీళ్లు నేరుగా సిల్‌లోకే పోతాయి, ఆ సంగతి మీకు తెలియనే తెలియదు.

ఆకులు రాలడం ఆగేదాకా, అంటే డిసెంబర్ మొదటి వారాల వరకు, నెలకోసారి ఇలా చూసుకోవాలి. వీలైతే చెట్టు కింద పార్క్ చేయకండి. నాలుగు ఇళ్ల అవతల ఖాళీ ఉంటే అక్కడ పెట్టి నడిచి రావడం మేలు. చెట్టు కిందైతే ఆకులకు తోడు పిట్టల రెట్టలు కూడా. ఆ కాలంలో అవి నేరేడు రంగు పళ్లు తింటాయి, ఆ మరక లేత రంగు టాప్ మీద పడితే వదలదు. రెట్ట పడితే ఎండేదాకా ఉంచకుండా తడి గుడ్డను దాని మీద కాసేపు పరిచి, నానాక ఎత్తేయండి. రుద్దితే నేతలోకి ఇంకిపోతుంది.

టాప్ కడగడం, నీళ్లు పట్టకుండా చేయడం

మీది గుడ్డ టాపా, వినైల్ టాపా అన్నది ముందు తేల్చుకోండి. దగ్గర్నుంచి చూస్తే నేత కనిపించేది గుడ్డ, తోలులా గీతలతో నున్నగా ఉండేది వినైల్. రెండింటి మందులూ వేరు. గుడ్డ టాప్ మీద కారు వ్యాక్స్ గానీ, సిలికోన్ ఉన్న మెరుపు మందు గానీ వేయకూడదు. నేత రంధ్రాలు జిడ్డు పట్టి మట్టిని లాగుతాయి.

గుడ్డ మీద ఇంకా రక్షణ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. గ్లాసుడు నీళ్లు చిలకరించండి. బొట్లుగా నిలిచి జారిపోతే ఈ ఏడాదికి ఢోకా లేదు. నల్లటి మచ్చలుగా ఇంకిపోతుంటే పూత పోయినట్టే. ఇంకిన నీరు ఆరదు, ఆరని గుడ్డకు పాచి పడుతుంది. ముఖ్యంగా ఎండ తగలని ఉత్తరం వైపు పచ్చగా మొదలవుతుంది.

సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో రెండు రోజులు వరసగా వాన లేని సమయం చూసుకోండి. ఆలస్యమైతే కుదరదు, ఎందుకంటే నవంబర్‌లో తడి టాప్ ఒక రోజులో ఆరడమే కష్టం. మొదటి రోజు మెత్తటి బ్రష్‌తో పొడి దుమ్ము దులిపి, టాప్‌ల కోసమే తయారైన క్లీనర్‌తో నేత వెంబడి రుద్ది, క్లీనర్ నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయండి. గొట్టం లేదు కదా అంటే, మొక్కలకు నీళ్లు పోసే క్యాన్ చాలు. జల్లుగా పడుతుంది, ఎంత పోస్తున్నామో తెలుస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి, ఉన్న పూతను కూడా తీసేస్తుంది. రెండో రోజు, చేత్తో తాకితే చల్లదనం కూడా తెలియనంత ఆరాక, నీళ్లు పట్టని పూత వేయండి. ఆటోగ్లిమ్, రెనోవో, 303 వంటివి ఇక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. స్ప్రే రకమైతే అద్దాలకూ పెయింట్‌కూ పాత దుప్పటో ప్లాస్టిక్ షీటో కప్పండి. రోడ్డు పక్కన గాలి ఉంటుంది కాబట్టి పక్కవాళ్ల కారు మీదా పడొచ్చు. బ్రష్‌తో పూసే రకం వీధిలో మేలని నా అభిప్రాయం. పని నిదానంగా సాగుతుంది గానీ ఎవరితోనూ మాట పడక్కర్లేదు.

కారు ఒళ్లు కడగడం

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచేసే అలవాటును మనం చూసి వచ్చాం. ఇక్కడి చలికాలపు కారును అలా తుడిస్తే, పెయింట్ మీద ఉన్న ఇసుక, ఉప్పు పలుకులతో గీతలు గీసినట్టే. మట్టి ఎక్కువగా ఉంటే ముందు పెట్రోల్ బంక్‌లోని జెట్ వాష్‌కు వెళ్లి ఆ మట్టిని నీటితో కొట్టేయాలి, ఆ తర్వాతే చేతి పని. జెట్ గన్ టాప్‌కు ఒక అడుగు కంటే దగ్గరకు తేకండి. కుట్ల మీద, అద్దం రబ్బర్ల మీద సూటిగా కొట్టకండి. అక్కడ ఉండే బ్రష్ ముట్టుకోకండి, ముందు వచ్చిన వ్యాన్ మట్టంతా దాంట్లోనే ఉంటుంది. హాట్ వ్యాక్స్ బటన్ కూడా టాప్‌కు పనికిరాదు. సూపర్ మార్కెట్ కార్ పార్కుల్లో చేత్తో కడిగేవాళ్లు తొందరగా మురికి వదలడానికి ఘాటైన టీఎఫ్ఆర్ (ట్రాఫిక్ ఫిల్మ్ రిమూవర్) ద్రావణం కొడతారు. టాప్ మీద అది వద్దని ముందే చెప్పండి, లేకపోతే అక్టోబర్‌లో మీరు వేసిన పూత డిసెంబర్‌కే పోతుంది. తిరిగే బ్రష్‌ల ఆటోమేటిక్ వాష్ గురించి అడగనే వద్దు.

మట్టి పలచగా ఉన్న రోజుల్లో ఇంటి ముందే, తర్వాత నీళ్లు పోసే పని లేని ‘రిన్స్‌లెస్ వాష్’ మందుతో కడుక్కోవచ్చు. రోడ్డు పక్కన కారున్నవాళ్లకు ఇంతకంటే అనువైన పద్ధతి నాకు కనిపించలేదు. పది లీటర్ల నీళ్లలో సుమారు 40 మిల్లీలీటర్ల మందు కలుపుతారు (డబ్బా మీద చెప్పిన కొలతే ఖాయం చేసుకోండి). చిన్న చేతి పంపు స్ప్రేయర్‌తో ముందు తడిపి రెండు నిమిషాలు నాననివ్వాలి. బకెట్‌లో ముంచిన మైక్రోఫైబర్ గుడ్డలు ఆరేడు పెట్టుకుని, ఒక్కో భాగానికి ఒక్కో శుభ్రమైన వైపు తిప్పుతూ, ఒకే దిశలో తుడవాలి. వాడిన గుడ్డ మళ్లీ బకెట్‌లో వేయొద్దు. నురగ ఉండదు, మళ్లీ నీళ్లతో కడగక్కర్లేదు. రెండో అంతస్తు నుంచి మూత ఉన్న ఒక్క బకెట్ దించుకుంటే పని అయిపోతుంది.

నీళ్లు తక్కువ వాడమనడానికి ఇంకో కారణం ఉంది. చాలా ఊళ్లలో రోడ్డు పక్క జాలీలోకి పోయిన నీరు శుద్ధి కేంద్రానికి వెళ్లదు, నేరుగా వాగులోకో నదిలోకో పోతుంది. కొన్ని చోట్ల ఆ జాలీల పక్కన పసుపు రంగు చేప బొమ్మ వేసి ఉంటుంది, ఇందులో పోసింది చేపలకు చేరుతుందని హెచ్చరిక. ఇక వేసవిలో హోస్‌పైప్ నిషేధం వస్తే గొట్టంతో కారు కడిగినవాళ్లకు 1,000 పౌన్ల దాకా జరిమానా పడొచ్చు. బకెట్, క్యాన్ మామూలుగా ఆ నిషేధంలోకి రావు.

చలికాలంలో కడిగేది మధ్యాహ్నం పూటే. సాయంత్రం కడిగితే ఫుట్‌పాత్ మీద కారిన నీరు రాత్రికి గడ్డకడుతుంది. పొద్దున్నే పనికి వెళ్లే ముసలాయనో, బండిలో పాపను తోసుకెళ్లే తల్లో జారిపడితే ఆ పాపం మనది. బకెట్లు కారు అడుగున జరుపుకోండి, ఫుట్‌పాత్ మీద దారి వదలండి. గొట్టమో, కరెంటు వైరో ఫుట్‌పాత్‌కు అడ్డంగా లాగకండి. రోడ్డు వైపు తలుపులు కడిగేటప్పుడు మెరిసే పసుపు జాకెట్ వేసుకుని, వచ్చే బండ్లు కనిపించేలా వాటి వైపు ముఖం పెట్టి నిలబడండి.

ఉప్పు

రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా కౌన్సిళ్లు రాతి ఉప్పు చల్లుతాయి. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో ఈ ఉప్పు తవ్వకం 1844లో మొదలైంది. కంటికి కనిపించే తెల్ల చారలు పెద్ద ప్రమాదం కాదు. చక్రాల పైకప్పుల్లో, సిల్ అంచుల్లో, సస్పెన్షన్ చేతుల మీద తడితో కలిసి దాగినదే తినేస్తుంది. గట్టి చలి ఉన్నప్పటి కంటే, ఆ తర్వాత వెచ్చబడి వాన పడే రోజుల్లో తుప్పు వేగంగా పాకుతుంది. కాబట్టి ఉప్పు చల్లిన వారం గడిచి, రోడ్లు వానకు కడుక్కుపోయాక, జెట్ వాష్‌లో పెయింట్ కంటే ముందు కారు అడుగుభాగం, చక్రాల లోపలి వైపు కడగండి. రెండు పౌన్లు మిగిలితే అవి పైన కాకుండా కింద ఖర్చు పెట్టండి.

అడుగున తుప్పు నిరోధక పూత వేయించాలంటే అక్టోబర్‌లోపే, శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరాకే. తడి మీద, ఉప్పు మీద పూస్తే ఆ ఉప్పును లోపల బంధించినట్టవుతుంది. ఈ పని వీధిలో మీరు చేయకండి. వాలుగా ఉన్న రోడ్డు మీద, జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందకు దూరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లిఫ్ట్ ఉన్న గ్యారేజీకి ఇవ్వండి.

మంచు పడ్డ పొద్దున్న

గడ్డకట్టిన టాప్‌ను దించవద్దు. అద్దం మీది ఐస్ గీకే స్క్రేపర్‌ను టాప్ మీద గానీ, ప్లాస్టిక్ వెనక కిటికీ మీద గానీ పెట్టవద్దు. వేడి నీళ్లు పోయవద్దు, అద్దం పగులుతుంది. మినీ వంటి వాటిలో తలుపు తీయగానే అద్దం కాస్త కిందకు దిగుతుంది. రబ్బరుకు అతుక్కుపోయి ఉంటే రబ్బరు చిరుగుతుంది, మోటారు పాడవుతుంది. చలి మొదలవకముందే రబ్బర్లన్నింటికీ రబ్బరు మందు పల్చగా రాసి ఉంచండి. మెత్తటి మంచు పేరుకుంటే చీపురుతో కాకుండా మెత్తటి బ్రష్‌తో తోసేయండి. ఇంజన్ ఆన్ చేసి, వెచ్చబడేలోపు ఇంట్లోకి వెళ్లి టీ తాగి వద్దామనుకోకండి. పబ్లిక్ రోడ్డు మీద అలా వదలడం చట్టరీత్యా నేరం, దొంగకు తాళంతో సహా ఇచ్చినట్టు, ఆపై ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బివ్వకపోవచ్చు.

వీధిలో ఉండే గుడ్డ టాప్‌కు దొంగ భయం కూడా ఉంది. కత్తితో కోయడానికి క్షణం చాలు. సీటు మీద బ్యాగు, ఛార్జర్ తీగ, చిల్లర, ఏదీ వదలకండి. డాష్‌బోర్డ్ అర తెరిచి ఖాళీగా కనిపించేలా ఉంచినా మంచిదే. ‘టాప్ కోయకుండా ఉంటారు’ అని తలుపులు తాళం వేయకుండా వదిలే వాళ్లున్నారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అక్కడితో ముగిసిపోవచ్చు.

కవర్ కప్పాలా వద్దా? మొత్తం కారును కప్పే వదులు కవర్ వీధిలో వద్దు. గాలికి అల్లాడుతూ, అడుగున ఉన్న దుమ్ముతో పెయింట్‌ను రుద్దుతుంది, తడి మీద కప్పితే బూజు పడుతుంది. టాప్‌నూ అద్దాలనూ మాత్రమే కప్పే సగం కవర్, గాలి ఆడే రకం, గట్టిగా కట్టేది చాలు. నంబర్ ప్లేట్ కూడా బయటికి కనిపిస్తుంది. లోపల తేమ పీల్చే సిలికా సంచి ఒకటి డాష్‌బోర్డ్ మీద పెట్టి, వారానికోసారి కార్పెట్‌ను అరచేత్తో నొక్కి చూడండి. ఛార్జర్ పెట్టే వీలు లేదు కాబట్టి వారానికోసారి అరగంటైనా నడపండి, బ్యాటరీకీ బ్రేకులకూ అదే మందు.

ఎండ వచ్చిందని మార్చిలో టాప్ దించబోయే ముందు, అది పూర్తిగా ఆరిందో లేదో వేలితో కుట్ల దగ్గర తాకి చూడండి. తడిగా మడిస్తే మడతల్లో బూజు పడుతుంది. ప్లాస్టిక్ వెనక కిటికీ ఉన్న పాత కారైతే, ప్లాస్టిక్ ఇంకా చల్లగా బిరుసుగా ఉంటే ఆ రోజు వదిలేయండి. వెచ్చబడి మెత్తగా వంగుతున్నప్పుడే, ముందు జిప్పు తీసి కిటికీని పడుకోబెట్టి, తర్వాతే టాప్ దించండి.