రబీకి ముందు ఊళ్లో నీళ్ల చర్చ పెట్టేదెలా

బోరు నీళ్ల గురించి ఊరంతా మాట్లాడుకోవడానికి అక్టోబరు చివరి వారం మంచి అదను. అప్పటికి వానల సంగతి తేలిపోతుంది, విత్తనాలు ఇంకా కొని ఉండరు. నారు పోశాక ఎవరు చెప్పినా ఎవరూ వినరు.

ఇరవై మంది చాలు. ఆ ఇరవై మంది ఎవరన్నదే ముఖ్యం. బోరు ఎండినవారు, కౌలు రైతులు, తాగునీళ్లు మోసే ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. టముకు వేయించి ఊరుకోవద్దు, ఇంటికి వెళ్లి పిలవండి. ఏ వేళ కుదురుతుందో ఆడవాళ్లనే ముందు అడగండి. గుడి అరుగు మీద కూర్చోవడానికి జంకేవారు ఉంటారు కాబట్టి బడి వరండా మేలు. సర్పంచ్ గారితో సహా అందరూ జంపఖానా మీదే కూర్చోవాలి. ఈ విషయంలో నేను పట్టు విడవను.

లెక్క చేతిలో లేకుండా చర్చకు దిగితే మాటలు పాత తగాదాల మీదికి పోతాయి. ముందు రోజే నాలుగైదు బోర్ల దగ్గర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. వంద సెకన్లు పడితే సెకనుకు 2 లీటర్లు. రోజుకు ఏడు గంటలు ఆడితే 50,400 లీటర్లు, 120 రోజులకు సుమారు 60 లక్షలు. రబీ వరి ఎకరాకు దాదాపు 48 లక్షల లీటర్లు తాగుతుంది, వేరుశనగకు 20 లక్షలు చాలు. అంటే ఆ బోరు కింద వరి అయితే ఎకరంపావు, వేరుశనగ అయితే మూడెకరాలు. ఈ లెక్కను నేల మీద సుద్దముక్కతో పెద్దగా రాయండి. అదీ బోరు ఇలాగే పోస్తేనే. వేసవి దగ్గరపడేకొద్దీ ధార సన్నబడుతుందని రైతులే గుర్తుచేస్తారు, చేయనివ్వండి.

మొదటి మాట బోరు ఎండినవారిది. పెద్ద రైతు ముందు మాట్లాడితే మిగిలినవారు తలూపి లేచిపోతారు. "నీ కొత్త బోరు వల్లే నాది ఎండింది" అన్న మాట వస్తుంది. దాన్ని ఆపవద్దు, ఇద్దరి బోర్ల కొలతలూ పక్కపక్కన రాయించండి.

తీర్మానాలు, జరిమానాలు వద్దు. 2000ల దశకంలో అనంతపురం, ప్రకాశం, నల్గొండ సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులు ఇలాగే కొలిచి, లెక్కవేసి, చర్చించారు. ఏ పంట వేయాలన్న నిర్ణయం మాత్రం ఎవరిది వారిదే. మీరూ ఎవరు ఏ పంట ఎంత వేస్తామన్నారో పుస్తకంలో రాసుకోండి. సంక్రాంతి దాటాక అవే బోర్లను మళ్లీ కొలిచే బాధ్యత ఇద్దరికి అప్పగించి, ఆ తేదీ అక్కడే ఖాయం చేయండి.