తీర్థానికి పిల్లలతో వెళ్తున్నారా? ఫోన్‌తో ముందే చేసుకోవాల్సిన పనులు

కోనసీమలో అంతర్వేది రథోత్సవం, జగ్గన్నతోట ప్రభల తీర్థం, వాడపల్లి శనివారాలు, ఆపైన 2027లో గోదావరి పుష్కరాలు. ఇలాంటి జనంలో చెయ్యి జారిన పిల్లల్ని వెతకడానికి ఫోన్ బాగా పనికొస్తుంది. కాకపోతే ఆ పనిలో సగం ఇంట్లోంచి కదలకముందే అయిపోవాలి.

బయల్దేరేటప్పుడు పిల్లాణ్ని వాకిట్లో వెలుతురులో నిలబెట్టి రెండు ఫొటోలు తీయండి. ముఖం దగ్గరగా ఒకటి, చెప్పులతో సహా నిలువెత్తున ఇంకొకటి. కంగారులో చొక్కా ఏ రంగో కన్నతల్లికీ గుర్తురాదు. పోయినేడాది పుట్టినరోజున కోటు వేసి తీయించిన ఫొటో పంపితే కానిస్టేబుల్ పోల్చుకోలేడు. గోదావరి స్నానం అయ్యాక బట్టలు మారితే మళ్లీ తీయాలి. తలనీలాలిస్తే గుండుతో తప్పకుండా తీయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

చేతి మీద బాల్‌పెన్‌తో రాసిన నంబరు ఒక్క మునకకే చెరిగిపోతుంది. కాగితం మీద రాసి, రెండు వైపులా సెల్లో టేపు అంటించి, చొక్కా లోపలివైపు పిన్నీసుతో పెట్టండి. స్నానానికి విప్పిన చొక్కాతో చీటీ కూడా సంచిలోకి పోతుంది, కొత్త చొక్కాకి మార్చడం గుర్తుంచుకోండి. పేరు మాత్రం రాయొద్దు, పేరు పెట్టి పిలిచినవాళ్ల వెంట పసివాళ్లు వెళ్లిపోతారు. నంబర్లు రెండుండాలి: ఒకటి వెంట ఉన్నవారిది, రెండోది ఇంటి దగ్గర ఉన్నవారిది. తీర్థంలో టవర్ మీద లోడు పడితే మీ ఫోన్ మోగకపోవచ్చు, ఇంటి దగ్గరి ఫోన్ మోగుతుంది. నెట్ ఆడనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ. బృందంలో పెద్దవాళ్లు వాట్సాప్‌లో 8 గంటల లైవ్ లొకేషన్ పెట్టుకుంటే మంచిదే, బ్యాటరీ తింటుంది గనుక పవర్ బ్యాంక్ ఉండాలి.

పిల్లాడు కనబడలేదనుకోండి. ఇక్కడ ఏ ఊరెళ్లినా ఏరో, కాలువో, చేపల చెరువో పక్కనే ఉంటుంది. కాబట్టి ముందు ఒకరు నీటి ఒడ్డుకే పరుగెత్తాలి. ఇంకొకరు చివరిగా చూసిన చోటే కదలకుండా నిలబడాలి. మూడో మనిషి మైకు గదికీ పోలీసు అవుట్‌పోస్టుకీ వెళ్తూ దారిలోనే 112కి ఫోన్ చేయాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, రైల్వే స్టేషన్‌లోనైతే రైల్వే హెల్ప్‌లైన్ 139. ఫేస్‌బుక్ వీటి తర్వాతే.

పోలీసులకు ఫొటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరం కూడా పోతుంది. ఆ రోజు తీసిన చివరి ఫొటో ఎన్ని గంటలకో గ్యాలరీలో చూసి చెప్తే సీసీ కెమెరాలు ఎక్కణ్నుంచి వెతకాలో వాళ్లకి తెలుస్తుంది. బయటికెళ్లే దారులకీ అదే ఫొటో చేరాలి. అంతర్వేది అయితే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు వాళ్లకి, మలికిపురం వైపు ఆటోల వాళ్లకి. ‘24 గంటలు చూద్దాం’ అని ఎవరన్నా వినొద్దు. బిడ్డ తప్పిపోయాడని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

ఇక పోస్టు. ఫొటో మీదే అక్షరాలు పడేలా చేసి పెట్టండి. కింద రాసినదాన్ని కత్తిరించి ఫొటో ఒక్కటే ఫార్వర్డ్ చేసేస్తారు. ఇలా ఉంటే చాలు: ‘బాబు, 6 ఏళ్లు, గుండు, పసుపు టీషర్టు, నీలం నిక్కరు. ఫలానా తేదీ సాయంత్రం 4:30కి అంతర్వేది లైట్‌హౌస్ దగ్గర కనిపించాడు. చూస్తే 112.’ తేదీ, సంవత్సరంతో సహా, లేకపోతే ఆ పోస్టు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. మీ సొంత నంబరు వేస్తే ‘మీవాడు మా దగ్గరున్నాడు, ముందు ఫోన్‌పే కొట్టండి’ అనే మోసగాళ్లు తయారవుతారు. స్కూలు పేరు, ఇంటి చిరునామా అక్కర్లేదు. ‘ఎత్తుకుపోయారు’ అని అసలు రాయొద్దు. 2018లో పిల్లల దొంగలంటూ వాట్సాప్ పుకార్లు లేచి, దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. వాట్సాప్ ఫార్వర్డ్‌ని అయిదు చాట్లకి కుదించింది ఆ తర్వాతే.

ఏడుస్తున్న పిల్లాడు మీకే దొరికితే వీడియో తీసి స్టేటస్‌లో పెట్టొద్దు. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, ఒక్కోసారి రెండూ. ఇంటికీ తీసుకెళ్లొద్దు. అక్కడే కాసేపు నిలబడితే పెద్దవాళ్లు సాధారణంగా అదే దారిన వెనక్కి వస్తారు. రాకపోతే పోలీసులకో 1098కో అప్పగించండి. ‘వీడి నాన్నని నేనే’ అని ఎవరొచ్చినా మీరు మాత్రం ఇవ్వొద్దు, వాళ్ల ఫోన్‌లో పిల్లాడి ఫొటోలున్నా సరే.

బిడ్డ దొరికిన వెంటనే పోస్టు తీసేసి, పంపిన ప్రతి గ్రూపులోనూ ‘దొరికాడు’ అని తేదీతో పెట్టండి. స్టేషన్‌లోనూ చెప్పండి.