చిన్న కారులో హామ్ రేడియో సెట్టు బిగించడం: సమస్యలు - పరిష్కారాలు

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారిన రోజులు చూశాక, కారులో ఒక హామ్ రేడియో సెట్టు (ప్రభుత్వ లైసెన్సుతో, సెల్ టవర్లు లేకుండానే మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టు) ఉండి తీరాలని నిశ్చయించుకున్నాను. నాది ఆల్టో. వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. అందులో సెట్టు ఎక్కడ పెట్టాలి? లైసెన్సు చేతికొచ్చాక కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. నాకు ఎదురైనవి, మిత్రుల కార్లలో చూసి సరిచేసినవి రాస్తున్నాను. లెక్కలన్నీ 144-146 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే 50 వాట్ల మొబైల్ సెట్టువి.

సమస్య: ఎక్కడ పెట్టినా దేనికో ఒకదానికి అడ్డం వస్తోంది

కారణం: సెట్టు మొత్తానికి ఒకే చోటు వెతుకుతున్నాం. నిజానికి కావలసింది ఐదు చిన్న చోట్లు: బాడీకి (సెట్టు అసలు పెట్టెకు), ఫేస్ ప్లేటుకు (తెర, మీటలు ఉండే ముందు పలకకు), మైకుకు, స్పీకరుకు, యాంటెన్నాకు. కంటికి కనబడాల్సింది ఫేస్ ప్లేటు, చేతికి అందాల్సింది మైకు. బాడీ ఎక్కడున్నా మాట వెళ్తుంది. అందుకే ఇంకా కొననివాళ్లకు నా సలహా, ఫేస్ ప్లేటు ఊడదీసి కేబుల్‌తో దూరంగా పెట్టుకునే వీలున్న సెట్టే తీసుకోండి. డబ్బు కొంచెం ఎక్కువైనా చిన్న కారుకు అదే సరి.

పరిష్కారం: ముందు అట్టపెట్టె కత్తిరించి సెట్టు కొలతకు ఒక డమ్మీ చేయండి. సెట్టు సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. వెనక యాంటెన్నా కేబుల్ వంపు తిరగడానికి ఇంకో 6 సెంటీమీటర్లు కలపండి. ఈ వంపును మర్చిపోయే చాలామంది మళ్లీ మొదటికి వస్తారు. ఆ డమ్మీని అనుకున్న చోట టేపుతో అంటించి రెండు రోజులు కారు నడపండి. రేణిగుంట దాకా వెళ్లి రండి, ఇంట్లోవాళ్లను ఎక్కించి దించండి. గేరు మార్చేటప్పుడు చెయ్యి తగిలిందా, క్లచ్ తొక్కితే మోకాలు ఆనిందా అన్నది అట్టే చెప్పేస్తుంది. సెట్టుకు గీత పడదు, డ్యాష్‌బోర్డుకు బెజ్జం పడదు.

బాడీకి నేను మొదట చూసేది ముందు ఎడమ సీటు కింద. సీటును పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కు జరిపి చూడండి. పట్టాల మధ్య వైరు నలిగితే షార్ట్ అవుతుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు వ్యవస్థవి. వాటిని కదపకండి. అక్కడ కుదరకపోతే డిక్కీలో, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టవచ్చు. ఫేస్ ప్లేటుకు మ్యూజిక్ సిస్టం కింద ఉండే చిల్లర పెట్టుకునే అర బాగా సరిపోతుంది. బాడీని కూడా మ్యూజిక్ సిస్టం చోట్లో దూర్చేయొచ్చు కదా అని అడుగుతుంటారు. 5 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ గూట్లో అది పడుతుంది, కానీ గాలి ఆడదు.

డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూత ఉన్న చోట ఏదీ పెట్టకండి. అది తెరుచుకుంటే ఫేస్ ప్లేటు ముఖానికే వచ్చి తగులుతుంది. నేల మీద స్క్రూ బిగించే ముందు కారు కిందికి దూరి చూడండి. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం అక్కడే పోతుంటాయి.

సమస్య: పీటీటీ (మాట్లాడటానికి మైకు మీద నొక్కే మీట) నొక్కగానే సెట్టు ఆగిపోతోంది

కారణం: సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి, సన్న తీగతో కరెంటు తీసుకున్నారు. వినేటప్పుడు సెట్టు అర ఆంపియరు, ఆ చుట్టుపక్కలే వాడుతుంది. మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లు దాటుతుంది. 3 మీటర్ల దూరానికి, రానూ పోనూ 6 మీటర్ల తీగ అవుతుంది. 1 చదరపు మిల్లీమీటరు తీగలో 10 ఆంపియర్లకు ఒక వోల్టు పైనే పోతుంది. చాలా సెట్లు 13.8 వోల్టులకు 15 శాతం అటూ ఇటూ తట్టుకునేలా చేసినవి, అంటే కింద హద్దు 11.7. ఇంజను ఆపి ఉంటే బ్యాటరీలో ఉన్నదే 12.5. ఇక మిగిలేదెంత?

పరిష్కారం: బ్యాటరీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగండి. నష్టం 0.3 వోల్టు లోపే ఉంటుంది. ఎరుపు తీగకు ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. సెట్టు దగ్గర పెట్టిన ఫ్యూజ్ సెట్టును కాపాడుతుంది కానీ మధ్యలో తీగ ఒరుసుకుని షార్ట్ అయితే కారును కాపాడలేదు. ఇంజను గది నుంచి లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ (బెజ్జం అంచుకు తీగ ఒరుసుకోకుండా పెట్టే రింగు) తప్పనిసరి. మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉన్న కార్లలో, నల్ల తీగను టెర్మినల్‌కు కాకుండా బ్యాటరీ ఎర్త్ తీగ కారు బాడీకి కలిసే బోల్టు దగ్గర కలపండి.

ఇంజను వేగంతో పాటు పెరిగే సన్నని కూత వినిపిస్తే దానికీ ఎక్కువసార్లు మందు ఇదే. మ్యూజిక్ సిస్టం వైరు నుంచి తీసుకున్న కరెంటుతో ఆల్టర్నేటర్ రొద కూడా లోపలికి వస్తుంది.

సమస్య: ఎండాకాలంలో ఫేస్ ప్లేటు ఊడి పడుతోంది, సెట్టు కాలుతోంది

మే నెలలో మధ్యాహ్నం అలిపిరి దగ్గర కారు ఆపి వస్తే స్టీరింగ్ పట్టుకోలేం. ఆ వేడికి డబుల్ సైడ్ టేపు జిగురు మెత్తబడి జారిపోతుంది. నాది అలాగే రెండుసార్లు ఊడింది. ఇనుప క్లాంపు, స్క్రూలే నిలబడతాయి. ఫేస్ ప్లేటును ఆ చిల్లర అరలోనే చిన్న అల్యూమినియం పట్టీతో లోపలి నుంచి బిగించండి.

సీటు కింద సెట్టు కాలుతుంటే నేల మ్యాటు దాని మీదికి వచ్చిందేమో, బాడీ నేలకు ఆనుకుని ఉందేమో చూడండి. బ్రాకెట్‌తో రెండు వేళ్ల ఎత్తు లేపండి. ఎక్కువసేపు మాట్లాడేటప్పుడు పవరు 10 వాట్లకో 20 వాట్లకో తగ్గించండి. ఊళ్లో అది చాలు.

సమస్య: మాట గొణిగినట్టు వినబడుతోంది

సెట్టు స్పీకరు సీటు కింద కార్పెట్ వైపు తిరిగి ఉంటుంది. విడి స్పీకరు కొని డోరు పక్కన పెట్టండి. మైకుకు గేరు రాడ్డుకు దూరంగా ఒక కొక్కెం బిగించండి. చుట్టలు తిరిగిన దాని తీగ పెడల్స్ వైపు వేలాడకూడదు.

సమస్య: అన్నీ సరిగానే ఉన్నా దూరం పోవట్లేదు

కారణం చాలాసార్లు యాంటెన్నా చోటే. కిటికీ అంచుకు తగిలించిన దానికన్నా పైకప్పు నడిమధ్యన అయస్కాంతంతో నిలబెట్టినది మేలు, ఎందుకంటే ఆ ఇనుప కప్పే యాంటెన్నాకు రెండో సగం. తరంగం పొడవులో పావు వంతు, అంటే అర మీటరు కడ్డీ చాలు. కేబుల్‌ను డోరు రబ్బరు కిందుగా తెచ్చి, లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నాకు పంపిన పవరు ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) 1.5 లోపు ఉండాలి. అయస్కాంతాన్ని ఎత్తి తుడవకుండా వదిలేస్తే కింద దుమ్ము చేరి రంగు పోతుంది.

ఇంకా తేడా వస్తే, తిరుమల ఘాట్ రోడ్డులో పరీక్షించకండి. అక్కడ మలుపు మలుపుకూ శేషాచలం కొండలే అడ్డు. చంద్రగిరి వైపు బయలు చోట కారు ఆపి, ముందు అందిన స్టేషన్నే మళ్లీ పిలవండి. అక్కడ బాగా వినబడి, కొండ చాటున మాత్రమే మాట తెగిపోతుంటే మీ బిగింపులో తప్పేమీ లేదు, దేన్నీ ఊడదీయనక్కర్లేదు.