థండర్‌బర్డ్‌లో ఒకే మెయిల్ రెండుసార్లు కనిపిస్తోందా?

జంటలు కనిపించగానే డిలీట్ చేయడం మొదలుపెట్టకండి. రెండుగా కనిపించేవన్నీ రెండు కావు. కొన్నిసార్లు ఉన్నది ఒక్క మెయిలే, రెండు చోట్ల కనిపిస్తుందంతే. ఒక చోట తీసేస్తే రెండో చోట కూడా పోతుంది.

తేల్చుకోవడం తేలికే. రెండు మెయిళ్లనూ విడివిడిగా తెరిచి, కంట్రోల్‌తో పాటు యు నొక్కండి. మెయిల్ అసలు రూపం తెరుచుకుంటుంది. అందులో ‘మెసేజ్-ఐడీ’ (మెయిల్‌కి ఉండే గుర్తింపు) అనే వరుస వెతకండి. ఐడీలు వేరైతే పంపినవాళ్లే రెండుసార్లు పంపారన్నమాట. నెట్ నెమ్మదించినప్పుడు సెండ్ బటన్ మళ్లీ నొక్కేవాళ్లు మనలో తక్కువేం కాదు! అప్పుడు మీరు సరిచేయాల్సింది ఏమీ లేదు. ఐడీ ఒకటే అయితేనే కింద చెప్పినవి చూడండి.

ఇన్‌బాక్స్‌లో ఒకటే ఉంది, వెతికితే రెండు వస్తున్నాయి

జీమెయిల్‌ని ఐమ్యాప్ పద్ధతిలో (మెయిళ్లు సర్వర్‌లోనే ఉండి, అన్ని పరికరాల్లోనూ ఒకేలా కనిపించే పద్ధతి) పెట్టుకున్నవాళ్లకి ఎదురయ్యేది ఇదే. జీమెయిల్‌లో ఫోల్డర్లు ఉండవు, లేబుళ్లు ఉంటాయి. ఒక మెయిల్‌కి ఎన్ని లేబుళ్లున్నా మెయిల్ ఒక్కటే. థండర్‌బర్డ్ మాత్రం ఒక్కో లేబుల్‌నీ ఒక్కో ఫోల్డర్‌గా చూపిస్తుంది. అందుకే ఇన్‌బాక్స్‌లో ఉన్నది ‘ఆల్ మెయిల్’లో మళ్లీ కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. డూప్లికేటే కదా అని ‘ఆల్ మెయిల్’లో ఉన్నదాన్ని ట్రాష్‌లోకి పంపితే, ఇన్‌బాక్స్‌లోంచీ మాయమవుతుంది. 30 రోజుల తర్వాత ట్రాష్‌లోంచి కూడా పోతుంది. కాబట్టి తీసేయకండి, దాచండి. బ్రౌజర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, లేబుల్స్‌లో ‘ఆల్ మెయిల్’ పక్కనున్న ‘షో ఇన్ ఐమ్యాప్’ టిక్ తీసేస్తే సరి. కాకపోతే ఆర్కైవ్ చేసి, వేరే లేబుల్ ఏదీ పెట్టని మెయిళ్లు ఆ తర్వాత బ్రౌజర్‌లోనే దొరుకుతాయి.

పాత మెయిళ్లన్నీ ఒక్కసారిగా మళ్లీ దిగాయి

ఇది పాప్ పద్ధతి (మెయిళ్లను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకోవడం) వాడేవాళ్ల టెన్షన్. సర్వర్ ప్రతి మెయిల్‌కీ ఒక గుర్తు ఇస్తుంది. దించుకున్నవాటి గుర్తులను థండర్‌బర్డ్ తన ప్రొఫైల్ ఫోల్డర్‌లో (మీ మెయిళ్లు, సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్) ‘పాప్‌స్టేట్.డ్యాట్’ అనే చిన్న ఫైల్‌లో రాసిపెట్టుకుంటుంది. ఆ ఫైల్ పాడైనా పోయినా, సర్వర్‌లో మిగిలినవన్నీ దానికి కొత్తవే. నేను కొత్త ల్యాప్‌టాప్‌కి మారినప్పుడు మెయిళ్లు ఉన్న ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని దీన్ని వదిలేశాను. తెల్లారేసరికి ఇన్‌బాక్స్ రెట్టింపైంది.

అందుకే మెషీన్ మారేటప్పుడు ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవాలి. అకౌంట్ సెట్టింగ్స్‌లోని సర్వర్ సెట్టింగ్స్‌లో, మెయిళ్లను సర్వర్‌లో 14 రోజులే ఉంచమని పెట్టుకుంటే, మళ్లీ ఇలా జరిగినా దిగేవి కొన్నే. అయితే వేరే కాపీ లేకుండా ఆ పని చేయకండి. ఫోన్‌లోనూ అదే మెయిల్ చూసుకునేవాళ్లు ఐమ్యాప్‌కి మారిపోవడమే మేలని నా అభిప్రాయం.

రోజూ కొన్ని మాత్రమే మళ్లీ మళ్లీ దిగుతున్నాయి

ఇదీ పాప్ సంగతే. ‘ఇది తీసేయ్’ అని థండర్‌బర్డ్ సర్వర్‌కి చెప్పినా, పని ముగించి సరిగ్గా సెలవు తీసుకుంటేనే సర్వర్ దాన్ని తీసేస్తుంది. మధ్యలో లైన్ తెగితే ఏదీ తీసేయదు, తర్వాతిసారి అవే మళ్లీ దిగొచ్చు. పెద్ద అటాచ్‌మెంట్ దగ్గర ఆగిపోతోందేమో బ్రౌజర్‌లో చూసి, ఆ మెయిల్‌ను అక్కడే దించుకుని తీసేయండి. అప్పటికీ తగ్గకపోతే యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్‌ను కాసేపు ఆపి చూడండి.

పంపిన మెయిళ్లే రెండేసి ఉన్నాయి

కొన్ని సర్వర్లు పంపినదాన్ని సెంట్‌లో వాటంతట అవే దాచుకుంటాయి. థండర్‌బర్డ్ కూడా ఇంకోటి దాస్తుంది. ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’లో ‘ప్లేస్ ఎ కాపీ ఇన్’ టిక్ తీసి, మీకే ఒక మెయిల్ పంపుకుని చూడండి. సెంట్‌లో ఒక్కటీ లేకపోతే టిక్ మళ్లీ పెట్టేయండి.

ఇప్పటికే పేరుకున్నవి తీసేయాలంటే

కారణం సరిచేశాకే ఈ పని, లేకపోతే రేపు మళ్లీ ఇదే తంతు. ముందు థండర్‌బర్డ్ మూసేసి, ప్రొఫైల్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పది పదిహేనుంటే తేదీ ప్రకారం సర్ది చేత్తోనే తీసేయొచ్చు. వందల్లో ఉంటే ‘రిమూవ్‌డూప్స్’ అనే యాడ్-ఆన్ ఉంది. పోల్చేటప్పుడు మెసేజ్-ఐడీ కూడా సరిపోలాలని పెట్టండి. సబ్జెక్ట్ ఒక్కటే చూస్తే నెలనెలా ఒకే సబ్జెక్ట్‌తో వచ్చే కరెంటు బిల్లులు కూడా డూప్లికేట్ల లెక్కలోకి వస్తాయి. ఒక్కసారికి ఒక్క ఫోల్డర్ మీదే నడపండి, జీమెయిల్ ‘ఆల్ మెయిల్’ని మాత్రం ముట్టుకోకండి. ఐమ్యాప్ అయితే ఇక్కడ తీసేసింది ఫోన్‌లోంచీ పోతుంది.

తీసేశాక డిస్కులో చోటు పెరగలేదని కంగారు పడకండి. ట్రాష్ ఖాళీ చేసి, ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘కంపాక్ట్’ నొక్కితేనే ఫైల్ సైజు తగ్గుతుంది.