చెత్త గ్యాస్‌ను పైప్‌లైన్‌కు ఎక్కించాలంటే: ప్రభుత్వ సాయం పొందే క్రమం

తడి చెత్తను, పేడను, చక్కెర మిల్లుల్లో చెరకు రసం వడకట్టాక మిగిలే మడ్డిని (ప్రెస్‌మడ్) గాలి తగలని డైజెస్టర్‌లో కుళ్ళబెడితే వచ్చే బయోగ్యాస్‌లో మీథేన్ సగానికి కొంచెం ఎక్కువగా ఉంటుంది. అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, తేమను తీసేసి, మీథేన్‌ను కనీసం 90 శాతానికి చేర్చినప్పుడే అది ఐఎస్ 16087 అనే భారతీయ ప్రమాణానికి సరిపోతుంది, సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్) పేరుతో అమ్ముడుపోతుంది. దీన్ని కొనడం ఇప్పుడు నగర గ్యాస్ సంస్థలకు బాధ్యత కూడా. వాహనాల సీఎన్జీలోనూ ఇళ్ళకిచ్చే పైపు గ్యాస్‌లోనూ 2025-26లో 1 శాతం, 2026-27లో 3, 2027-28లో 4, 2028-29 నుంచి 5 శాతం సీబీజీ ఉండాలని కేంద్రం నిర్ణయించింది.

అయినా మొదటి అడుగు దరఖాస్తు కాదు, తూకం. తెల్లవారుజామున కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి టిప్పర్‌లోకి ఎత్తే చెత్తను దగ్గరగా చూడండి: క్యాబేజీ ఆకుల మధ్య క్యారీబ్యాగులు, టమాటా గుజ్జుకు అంటుకున్న పురికొసలు, తడిసిన గోనె ముక్కలు కనిపిస్తాయి. ఆ పురికొస ఒక్కటి చాలు, ముక్కలు చేసే యంత్రానికి చుట్టుకుని పని ఆపేస్తుంది. అందువల్ల కనీసం ఒక వారం పాటు రోజూ చెత్తను వేరుచేసి, పనికివచ్చే భాగాన్ని మాత్రమే తూచి రాసుకోవాలి. ఆ లెక్క కుదిరాకే మున్సిపాలిటీతోనో మార్కెట్ కమిటీతోనో చాలా ఏళ్ళ సరఫరా ఒప్పందం రాయించుకోవాలి. నా అభిప్రాయంలో స్థలం కన్నా, అప్పు కన్నా ఈ కాగితమే ముఖ్యం.

ఎంత చెత్తకు ఎంత గ్యాస్ అన్నది 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఇందౌర్ ప్లాంటును చూస్తే తెలుస్తుంది. రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి సుమారు 17,000 కిలోల సీబీజీ తీసేలా దాన్ని కట్టారు, అంటే టన్నుకు దాదాపు 31 కిలోలు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్తతో నడిచేలా కట్టిన ప్లాంటు గ్యాస్‌ను కరెంటుకూ వంటకూ అక్కడే వాడేలా రూపొందించడం సరైన నిర్ణయం. అదే లెక్కన అంత చెత్తకు సీబీజీ 300 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది కాబట్టి, దానికోసం పైప్‌లైన్ వేయడం గిట్టుబాటు కాదు.

సరఫరా ఖాయమయ్యాక, బయోగ్యాస్ ప్లాంట్ల నమోదు కోసం కేంద్రం 2023 జూన్‌లో మొదలుపెట్టిన గోబర్‌ధన్ పోర్టల్‌లో ప్లాంటును నమోదు చేయించాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే చాలా పథకాల తలుపు తెరుచుకోదు. ఆ తర్వాత కేంద్ర నవ, పునరుత్పాదక ఇంధన శాఖ వారి బయోఊర్జా పోర్టల్‌లో ఆర్థిక సాయానికి దరఖాస్తు చేయాలి. 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం కొత్త ప్లాంటుకు రోజుకు ప్రతి 4,800 కిలోల సీబీజీ సామర్థ్యానికి 4 కోట్ల రూపాయలు, ఉన్న బయోగ్యాస్ ప్లాంటుకు శుద్ధి యంత్రాలు చేర్చుకుంటే 3 కోట్లు ఇస్తారు. ఒక్కో ప్రాజెక్టుకు గరిష్ఠం 10 కోట్లు. ఈ దశ 2025-26 వరకు ప్రకటించినది కాబట్టి దరఖాస్తు నాటికి అమల్లో ఉన్న ఉత్తర్వును చదివి ముందుకెళ్ళండి. ఈ సొమ్ము ప్లాంటు పనితీరుతో ముడిపడి ఉంటుంది గనుక దాన్ని నమ్ముకుని పునాది తీయకూడదు. నిర్మాణ ఖర్చంతా సొంత పెట్టుబడితోనూ బ్యాంకు అప్పుతోనూ గడిచేలా చూసుకోవాలి. సీబీజీ ప్లాంట్లకిచ్చే అప్పును రిజర్వు బ్యాంకు 2020లోనే ప్రాధాన్య రంగంలో (బ్యాంకులు తమ అప్పుల్లో కొంత భాగం తప్పక ఇవ్వాల్సిన రంగాల జాబితాలో) చేర్చింది, బ్యాంకు మేనేజరుతో ఆ మాట తప్పక ప్రస్తావించండి.

అమ్మకానికి రెండు దారులున్నాయి. సీబీజీ కొనుగోలు కోసం 2018 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం సతత్ కింద చమురు, గ్యాస్ సంస్థల నుంచి కొనుగోలు అంగీకార పత్రం తీసుకుని, గ్యాస్‌ను కాస్కేడ్లలో (కలిపి అమర్చిన సిలిండర్ల గుంపుల్లో) బంకులకు పంపడం ఒకటి. నగర గ్యాస్ పైప్‌లైన్‌లోకి నేరుగా ఎక్కించడం రెండోది. ఈ రెండో దారికి కావలసిన అనుసంధాన పైప్‌లైన్ల కోసమే కేంద్రం 994.5 కోట్లతో ప్రత్యేక పథకం పెట్టింది. అందుచేత స్థలం కొనకముందే ఆ జిల్లాలో అనుమతి పొందిన గ్యాస్ సంస్థను కలిసి, పైప్‌లైన్ ఎంత దూరంలో ఉందో, అక్కడ వాడకం రోజంతా నిలకడగా ఉంటుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

డైజెస్టర్‌లో చివరికి మిగిలే చిక్కటి ద్రవాన్ని, అంటే స్లర్రీని, చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. గ్యాస్ కిలోల్లో వస్తే ఇది టన్నుల్లో వస్తుంది, వర్షాకాలంలో నిల్వకు చోటుండదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాలకు తగిన పులిసిన సేంద్రియ ఎరువుగా మార్చి అమ్మితే టన్నుకు 1,500 రూపాయల మార్కెట్ సాయం ఇచ్చేందుకు 2023 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దీనికోసం ఎరువును ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ప్లాంటు పూర్తికాకముందే చుట్టుపక్కల రైతుల పొలాల్లో ఒక పంటకు వేసి చూపించండి.