మొదటిసారి రక్తం ఇచ్చేవాళ్లకు తోడుగా, 3వ పాఠం: కళ్లు తిరగకుండా

ఎవరి దగ్గర రక్తం తీసుకోవచ్చు, ఎవరిని నొప్పించకుండా వెనక్కి పంపాలి అన్నది కిందటి పాఠంలో చూశాం. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువూ 12.5 గ్రాముల హిమోగ్లోబినూ ఉన్న ఒక కొత్త దాత ఫారం నింపి మీ పక్క కుర్చీలో కూర్చున్నాడనుకోండి. అతను గేటు దాటేదాకా శిబిరం వాలంటీరుగా మీ పని ఏమిటన్నదే ఈ పాఠం.

ముందు కారణం తెలియాలి. రక్తం తగ్గడం వల్లే పడిపోతారని చాలామంది అనుకుంటారు. మనవాళ్లు తీసేది 350 మిల్లీలీటర్లు, 55 కిలోలు దాటినవాళ్ల దగ్గరైతే 450 దాకా. ఒంట్లో ఉండేది దాదాపు 5 లీటర్లు. ఆ లోటును శరీరం చాలామందిలో ఇట్టే సర్దుకుంటుంది. సూది గుచ్చకముందే కళ్లు తిరిగేవాళ్లు కూడా ఉన్నారంటే రక్తం లెక్క ఒక్కటే కారణం కాదన్నమాట. భయానికో, నొప్పికో, రక్తం కంటబడినందుకో మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అదే సమయంలో రక్తనాళాలు వదులై రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. బీపీ పడిపోయి మెదడుకు రక్తం చాలదు. ఇందులో పిరికితనం ఏమీ లేదు, కండలు తిరిగిన కుర్రాళ్లూ పడిపోతారు. మొదటిసారి ఇచ్చేవాళ్లు, చిన్న వయసువాళ్లు, బరువు తక్కువ ఉన్నవాళ్లు, అందులోనూ అమ్మాయిల విషయంలో ఒక కన్ను వేసి ఉంచండి.

"ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది" అనే మాట మాత్రం మానేయండి. టెన్షన్‌లో ఉన్నవాడికి ఆ మాటతో టెన్షన్ తగ్గదు. పైగా సూది నిజంగానే నొప్పి పుడితే, ఆ తర్వాత మీరు చెప్పేదేదీ నమ్మడు. ధైర్యం చెప్పడం కంటే ఒంటికి ఏదైనా పని చెప్పడం మేలు.

మొదటి పని తిండి సంగతి కనుక్కోవడం. "తిన్నావా?" అంటే అందరూ "ఆఁ" అనేస్తారు. "పొద్దున ఏం తిన్నావు, ఎన్నింటికి?" అని అడిగితే, ఎనిమిదింటికి తాగిన టీ, రెండు బిస్కెట్ల సంగతి బయటపడుతుంది. కార్తీక సోమవారం కాలేజీలో శిబిరం పెడితే సగం మంది ఉపవాసంలో ఉంటారు; తేదీ ఖాయం చేసేటప్పుడే అది చూసుకోవాలి. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చినవాళ్లను ఇంకోరోజు రమ్మనండి.

రెండోది నీళ్లు. సూదికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు అర లీటరు నీళ్లు తాగించండి. కడుపులోకి అన్ని నీళ్లు ఒక్కసారిగా చేరితే రక్తనాళాలు కాస్త బిగిసి, బీపీ కొంతసేపు నిలబడుతుంది. ఇంటి దగ్గర తాగొచ్చాననే మాట ఇక్కడ లెక్కలోకి రాదు. సీసా చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా పక్కనే ఉండండి. మే నెల ఎండలో షామియానా కింద క్యూ కట్టినవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం.

మూడోది, ఈ పాఠానికి అసలు సరుకు: కండరాలు బిగించడం. రక్తం చూస్తే పడిపోయేవాళ్ల కోసం స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ 1980లలో రూపొందించిన పద్ధతి ఇది. తర్వాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బ్లెయిన్ డిట్టో బృందం దీన్ని రక్తదాతల మీద పరీక్షించింది. చేయడం తేలిక. పడుకున్నాక ఒక చీలమండ మీద ఇంకో చీలమండ వేయాలి. తొడలు, పిరుదులు, పొట్ట గట్టిగా బిగించి ఐదు లెక్కపెట్టాలి. వదిలేసి మళ్లీ ఐదు లెక్కపెట్టాలి. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు, కొత్తవాళ్లందరూ తప్పు చేసేది అక్కడే. బిగిస్తూ పైకి లెక్కపెట్టమనండి, మాట్లాడుతున్నంతసేపూ ఊపిరి ఆగదు. సూది ఉన్న చెయ్యి వదులుగానే ఉండాలి. కాళ్ల కండరాలు అలా నొక్కితే కిందికి దిగిన రక్తం గుండెకు తిరిగి వస్తుంది, బీపీ నిలబడుతుంది. ఇదంతా కుర్చీలో ఉన్నప్పుడే ఒకసారి చేయించండి, మంచం ఎక్కాక కొత్తగా నేర్పితే తలకెక్కదు.

ఇక మంచం దగ్గర. చాలామంది వాలంటీర్లు బ్యాగు నిండుతోందా లేదా అని చూస్తుంటారు. అది టెక్నీషియన్ చూసుకుంటారు, మీరు ముఖం చూడండి. అప్పటిదాకా గలగలా మాట్లాడిన కుర్రాడు "ఊఁ", "ఆఁ" అంటూ పొడి జవాబులు ఇస్తున్నాడంటే అదే మొదటి గుర్తు. తర్వాత ఆవలింతలు, పై పెదవి మీద సన్నటి చెమట, పెదాలు పాలిపోవడం.

"తమ్ముడూ, ఎలా ఉంది?"
"బానే ఉందన్నా... కొంచెం వేడిగా ఉంది."

పక్కన ఫ్యాన్ తిరుగుతుండగా ఈ మాట వచ్చిందంటే ఇంకేం అడగొద్దు. వెంటనే టెక్నీషియన్‌ను పిలవండి. రక్తం ఆపాలా, సూది తీయాలా అన్నది వాళ్ల నిర్ణయం, మీరు చెయ్యి పెట్టొద్దు. వాళ్లు తల దించి కాళ్లు ఎత్తిస్తారు. మీరు నెమ్మదిగా మాట్లాడుతూ, గుమిగూడినవాళ్లను పక్కకు పంపండి. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే గబగబా ఊపిరి పీలుస్తున్నాడని అర్థం, మెల్లగా వదలమనండి. పూర్తిగా తెలివి రాకుండా నోట్లో నీళ్లు పోయకూడదు. ఫోన్‌తో వీడియో తీసే స్నేహితుడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాణ్ని ముందు బయటికి పంపండి.

అంతా సవ్యంగా జరిగిన దాతకు కూడా లేచేటప్పుడే గండం. సూది తీయబోతున్నప్పుడు ఇంకోసారి కండరాలు బిగించమనండి. కాసేపు పడుకోబెట్టి, తర్వాత కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి, ఆ తర్వాతే నిలబెట్టండి. జ్యూసు, బిస్కెట్లతో పావుగంట కూర్చోవాల్సిందే, సర్టిఫికెట్ ఆ తర్వాత ఇవ్వండి. ముందే ఇస్తే ఫొటో దిగి వెళ్లిపోతారు. కొందరికి బయటికి వెళ్లాక మెట్ల మీదో, బాత్రూంలోనో, బస్సులో నిలబడ్డప్పుడో కళ్లు తిరుగుతాయి. "ఎక్కడున్నా సరే, తల తేలిగ్గా అనిపిస్తే సిగ్గుపడకుండా నేల మీద పడుకుని కాళ్లు పైకి పెట్టు" అని చెప్పి పంపండి. బస్సు, లారీ డ్రైవర్లకు ఆ రోజు డ్యూటీ ఉంటే అసలు రక్తం తీసుకోకూడదు.

కళ్లు తిరిగినవాళ్లలో చాలామంది మళ్లీ రారు. "నా ఒంటికి ఇది పడదు" అని ఇంటికెళ్లి చెప్పుకుంటారు, ఇంట్లోవాళ్లు ఇక వద్దంటారు. అందుకే ఆ మనిషి గేటు దాటకముందే రెండు నిమిషాలు కూర్చుని, ఏం జరిగిందో, వచ్చేసారి ఏం మారుస్తామో చెప్పండి. "పొద్దున టీతో వచ్చేశావు, నీళ్లు సగమే తాగావు. ఈసారి ఇడ్లీ తిని రా, కాళ్లు బిగించడం మళ్లీ నేర్పిస్తాను." మర్నాడు ఫోన్ చేసి ఆరోగ్యం మాత్రమే అడగండి. తిరిగి రమ్మనే మాట ఆ ఫోన్‌లో ఎత్తకండి. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు నిండాక పిలవండి, ఈసారి పక్కనే ఉంటానని చెప్పండి. కింద పడి దెబ్బ తగిలినవాళ్లను, చాలాసేపు తెలివి రానివాళ్లను మాత్రం డాక్టరు సరేనంటేనే పిలవాలి.

ఈ వారం అభ్యాసం: రోజూ కుర్చీలో కూర్చుని ఐదుసార్లు కండరాలు బిగించి వదలండి. తర్వాత ఇంట్లో ఒకరికి నేర్పండి. "కళ్లు తిరగడం", "పడిపోవడం" అనే మాటలు వాడకుండా, ఒక్క నిమిషంలో. 4వ పాఠంలో హిమోగ్లోబిన్ చాలక వెనుదిరిగిన అమ్మాయిలతో ఎలా మాట్లాడాలో చూద్దాం.