ప్రివిలేజ్ 15 ఇచ్చినా సిస్కో స్విచ్ > దగ్గరే ఆగిపోతుంటే

సిస్కో స్విచ్ అంటే ఆఫీసు కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె. ప్రివిలేజ్ అంటే అందులో యూజర్‌కి ఉన్న అధికార లెవెల్, అన్నిటికన్నా పెద్దది 15. స్విచ్ పేరు చివర పై గుర్తు ఉంటే కింది లెవెల్‌లో ఉన్నట్టు.

సమస్య: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ సరిపోతాయి. లోపలికి వెళ్లి ‘కాన్ఫిగర్ టెర్మినల్’ (సెట్టింగులు మార్చే కమాండ్) కొడితే మాత్రం ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్ అంటుంది. తిరుపతి లాడ్జీల నుంచి, రేణిగుంట వైపు కంపెనీల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే. "పదిహేనే ఇచ్చినాను అన్నా, అయినా కావడం లేదు" అంటారు. ‘షో ప్రివిలేజ్’ కొట్టి చూశావా అని అడిగితే లేదంటారు.

ముందు అది కొట్టండి. మీరు ఇప్పుడు ఏ లెవెల్‌లో ఉన్నారో స్విచ్చే చెప్తుంది. పేరు చివర # కనబడింది కాబట్టి 15లోనే ఉన్నామని అనుకోవద్దు. 2 నుంచి 15 దాకా ఏ లెవెల్‌కైనా అదే గుర్తు. 7లో ఉండి పూటంతా కేబుళ్లు మార్చినవాళ్లను చూశాను.

1 వస్తే ‘ఎనేబుల్’ కొట్టి సీక్రెట్ (ఎనేబుల్ పాస్‌వర్డ్) ఇవ్వండి, 15కి వెళ్తారు. ఇక ‘షో రన్’ కొట్టి రన్నింగ్ కాన్ఫిగ్ (స్విచ్‌లో ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు) తీసి యూజర్‌నేమ్ లైన్ చూడండి. అందులో ప్రివిలేజ్ అంకె లేకపోతే 1 అనే లెక్క. లాగిన్‌లో యూజర్‌నేమ్ అడగకుండా పాస్‌వర్డ్ ఒక్కటే అడుగుతుంటే, వీటీవై లైన్ల (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే దారుల) కింద ‘లాగిన్’ ఉంటుంది; దాన్ని ‘లాగిన్ లోకల్’ చేయండి. ఆ లైన్లు కాన్ఫిగ్‌లో 0 4, 5 15 అని రెండు గుంపులుగా కనబడతాయి; 0 4 ఒక్కటే మార్చి 5 15ని వదిలేయొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా > వస్తుంటే అసలు దొంగ వేరే ఉంది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను దెబ్బ తిన్నది దీని దగ్గరే. తోతాపురి సీజన్, గేటు బయట లారీల వరుస, కాటా గదిలో కంప్యూటర్‌కి వీల్యాన్ (స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్ భాగం) మార్చాలి. అంతకుముందు రోజు దాకా నేరుగా # వచ్చిన యూజర్‌కి ఆ రోజు > వస్తోంది. యూజర్‌ని తీసేసి మళ్లీ పెట్టాను, పాస్‌వర్డ్ మార్చాను. మధ్యాహ్నం దాటింది. చివరికి ‘షో రన్ | ఇన్‌క్లూడ్ ఏఏఏ’ కొడితే (ఏఏఏ అంటే ఎవరు లాగిన్ కావచ్చో, ఏం చేయొచ్చో తేల్చే ఏర్పాటు) తేలింది: ముందు రోజు ఎవరో ‘ఏఏఏ న్యూ-మోడల్’ ఆన్ చేసి ఆథెంటికేషన్ లైన్ ఒక్కటే రాశారు.

జరిగేది ఇదీ. ‘లాగిన్ లోకల్’ ఉన్నంత కాలం యూజర్ పక్కన రాసిన 15 దానంతట అదే అమలవుతుంది. ఏఏఏ న్యూ-మోడల్ వచ్చాక ఆథెంటికేషన్ వేరు, ఆథరైజేషన్ వేరు. నువ్వెవరో తేల్చడం మొదటిది, నీకెంత అధికారం ఉందో చెప్పడం రెండోది. రెండో లైన్ లేకపోతే 15 అనే అంకె కాన్ఫిగ్‌లో కనబడుతూనే ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

పరిష్కారం ‘ఏఏఏ ఆథరైజేషన్ ఎగ్జెక్ డిఫాల్ట్ లోకల్’. దీంతో ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) దారికి వస్తుంది. కన్సోల్ (స్విచ్‌కి నేరుగా కేబుల్ పెట్టి చేసే లాగిన్) మాత్రం రాదు. దానికి ‘ఏఏఏ ఆథరైజేషన్ కన్సోల్’ విడిగా ఇవ్వాలి. ఫ్యాక్టరీలో ఇది తెలియక ఇంకో గంట పోయింది నాకు.

ఈ లైన్లు కొట్టేముందు ‘రీలోడ్ ఇన్ 10’ (పది నిమిషాల తర్వాత స్విచ్ రీస్టార్ట్ కావాలని) పెట్టండి, సేవ్ చేయాలా అని అడిగితే నో అనండి. ఉన్న సెషన్ మూయకుండా రెండో విండోలో లాగిన్ అయి ‘షో ప్రివిలేజ్’ చూడండి. 15 వచ్చాక ‘రీలోడ్ క్యాన్సిల్’, ఆ తర్వాతే ‘రైట్ మెమరీ’ (కాన్ఫిగ్ సేవ్). తేడా వచ్చి బయట పడిపోయినా పది నిమిషాలకు స్విచ్ రీలోడ్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది.

టాకాక్స్ సర్వర్ (లాగిన్‌లను ఒకేచోట నుంచి చూసే కంప్యూటర్) తక్కువ లెవెల్ పంపడం, పార్సర్ వ్యూ (యూజర్‌కి కొన్ని కమాండ్లే కనబడేలా చేసే కట్టడి) కట్టి ఉండడం లాంటివి చిన్న ఆఫీసుల్లో దాదాపు ఉండవు. ఏఏఏ లైన్లలో టాకాక్స్ పేరు ఉంటేనే సర్వర్ వైపు చూడండి.

తక్కువ లెవెల్‌లో ‘షో రన్’ కొడితే కాన్ఫిగ్ దాదాపు ఖాళీగా రావచ్చు. కంగారు పడి స్విచ్ ఆఫ్ చేయకండి. ఆ లెవెల్ మార్చగలిగిన లైన్లే చూపిస్తోంది, అంతే. ఎనేబుల్ అయి మళ్లీ కొడితే మొత్తం వస్తుంది.